గోంగూర పువ్వు, బందరు అద్దకం, మన రక్తనాళాలు: ఒక రంగు చేసిన ప్రయాణం

ఈ ఎపిసోడ్ ఒక వాట్సాప్ మెసేజ్‌తో మొదలైంది.

గుడివాడలో ఉండే మా మావయ్య ఒక రోజు పొద్దున్నే ఒక ఫార్వర్డ్ పంపాడు. ఎర్ర గోంగూర పువ్వు ఫొటో, కింద నాలుగు లైన్లు. రోజూ ఈ పూల టీ తాగితే బీపీ మాయం, ఇంక మాత్రలు అక్కర్లేదు, పది మందికి పంపండి. దాని కింద మావయ్య ప్రశ్న: "ఏరా, నువ్వు హిస్టరీ సైన్సూ అంటూ వీడియోలు చేస్తావుగా, ఇది నిజమేనా?"

నేను నవ్వుకుని, తర్వాత చెప్తాలే అనుకున్నాను. సాయంత్రం అత్తయ్య ఫోన్ చేసింది. మావయ్య మాత్రలు ఆపేసి అప్పటికే పది రోజులైందట. అప్పుడు నవ్వు ఆగిపోయింది.

ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ వెళ్తే నాకు దొరికింది ఒక పెద్ద కథ. అది మన బందరులో, అంటే మచిలీపట్నంలో మొదలవుతుంది. ఇంగ్లండ్ వెళ్తుంది, విశాఖపట్నం తిరిగొస్తుంది, హంగేరీ, అమెరికా చుట్టి మళ్ళీ మన గోంగూర మడి దగ్గరకే వస్తుంది. ఆ కథ తెలిస్తే ఆ మెసేజ్‌లో ఎంత నిజం ఉందో, ఎక్కడ అబద్ధం మొదలవుతుందో మీకే తెలిసిపోతుంది. చివరి దాకా వినండి.

ముందు బందరు వెళ్దాం.

1605లో డచ్ వాళ్ళు, 1611లో ఇంగ్లీషు వాళ్ళు బందరు రేవుకి వచ్చారు. అప్పుడు ఇదంతా గోల్కొండ కుతుబ్ షాహీల రాజ్యం. వాళ్ళు ఇంత దూరం వచ్చింది ముఖ్యంగా బట్టల కోసం. మన వైపు అద్దకం బట్ట అంటే అప్పట్లో ప్రపంచమంతా పేరు. దాని గొప్పతనం ఒక్కటే: ఉతికినా రంగు పోదు. యూరప్‌లో వాళ్ళకి అప్పటికి నూలు బట్ట మీద అంత గట్టిగా రంగు నిలబెట్టడం చేతకాలేదు.

మనవాళ్ళు ఎలా చేసేవారు? ముందు బట్టని కరక్కాయ నీళ్ళలో, గేదె పాలలో ముంచి ఆరబెట్టేవారు. ఎరుపు రావాల్సిన చోట అచ్చుతో పటిక ద్రావణం అద్దేవారు. తర్వాత చిరివేరు వేసి బట్టని ఉడికించేవారు. చిరివేరు అంటే ఇసుక నేలల్లో పెరిగే ఒక చిన్న మొక్క వేరు. నిజాంపట్నం వైపు దొరికే చిరివేరుకి మంచి పేరుండేది. విచిత్రం ఏంటంటే, పటిక పడిన చోటే ఎరుపు పట్టుకుంటుంది. మిగతా చోట ఉతికి ఎండబెడితే పోతుంది. నలుపు కోసం పాత ఇనుము ముక్కలు బెల్లం నీళ్ళలో పులియబెట్టేవారు. నీలానికి నీలిమందు. పసుపుకి దానిమ్మ తొక్క లాంటివి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. పటిక ఎందుకు? ఈ చిన్న ప్రశ్నలోనే మన మొత్తం కథ దాగుంది.

మొక్కల్లో ఉండే చాలా రంగు పదార్థాలకి అణువులో పక్కపక్కనే ఆక్సిజన్ కొక్కేలు ఉంటాయి. పటికలో అల్యూమినియం ఉంటుంది. ఆ కొక్కేలు అల్యూమినియాన్ని గట్టిగా పట్టుకుంటాయి, అల్యూమినియం ఇటు నూలు దారాన్ని పట్టుకుంటుంది. అలా రంగు బట్టకి తాళం వేసినట్టు అతుక్కుపోతుంది. బందరు అద్దకం పనివాళ్ళకి అల్యూమినియం అనే మాట తెలియదు. కానీ ఏ కాయ, ఏ వేరు, ఏ నీళ్ళు, ఎంతసేపు అన్నది వేళ్ళ కొసల మీద ఉండేది. ఆ కొక్కేల మాట గుర్తుపెట్టుకోండి. రక్తనాళాల దగ్గర మళ్ళీ వస్తుంది.

మీకు నమ్మకం కలగకపోతే ఇంట్లోనే చూడొచ్చు. ఉల్లిపాయ పొట్టు గుప్పెడు తీసుకుని నీళ్ళలో మరిగించండి. రెండు తెల్ల నూలు గుడ్డ ముక్కలు తీసుకుని, ఒకదాన్ని ముందు పటిక నీళ్ళలో నానబెట్టండి. రెండూ ఆ రంగు నీళ్ళలో వేసి తీసి ఉతకండి. పటిక ముక్క మీద పసుపు రంగు బాగా నిలుస్తుంది. రెండోది వెలిసిపోతుంది. ఆ ఉల్లి పొట్టులో ఉన్న పసుపు పదార్థం పేరు క్వెర్సెటిన్. ఈ రోజు మందుల షాపుల్లో, ఆన్‌లైన్‌లో "హార్ట్ హెల్త్" అని డబ్బాల మీద రాసి అమ్మేది ఇదే క్వెర్సెటిన్. అద్దకం రంగు గుండె మందు డబ్బాలోకి ఎలా వెళ్ళింది? అదే చూద్దాం.

19వ శతాబ్దం మధ్యకి వద్దాం. 1856లో లండన్‌లో విలియం హెన్రీ పెర్కిన్ అనే 18 ఏళ్ళ కుర్రాడు క్వినైన్ తయారు చేద్దామని ప్రయత్నిస్తే, అది రాకుండా ఊదా రంగు వచ్చింది. అదే మావ్, తారు నుంచి వచ్చిన మొదటి పెద్ద కృత్రిమ రంగు. ఆ తర్వాత 1869లో అలిజరిన్. చిరివేరు ఇచ్చే ఎరుపుకి మూలమైన పదార్థం ఇదే. జర్మనీలో గ్రేబె, లీబర్‌మన్ దాన్ని తారు నుంచి తయారు చేశారు. పెర్కిన్ కూడా అదే దారిలో ఉన్నాడు. ఇద్దరి పేటెంట్ దరఖాస్తులకీ తేడా ఒక్క రోజు.

ఫ్యాక్టరీలో చవగ్గా ఎరుపు దొరుకుతుంటే ఇంక వేరు తవ్వుకునేదెవరు? బందరుకి అప్పటికే దెబ్బ మీద దెబ్బ. మిల్లు బట్టల పోటీ ఒకటి. 1864 నవంబరు 1న వచ్చిన తుపాను, ఉప్పెన ఇంకోటి. ఆ ఒక్క రాత్రి బందరులో, చుట్టుపక్కల సుమారు 30,000 మంది చనిపోయారని లెక్క. ఊరు తేరుకోక ముందే కృత్రిమ రంగు వచ్చి పడింది. చిరివేరు తవ్వే వాళ్ళు, రంగు కాచే వాళ్ళు, వాళ్ళ చేతి లెక్కలు, ఇవన్నీ మెల్లగా పక్కకి జరిగిపోయాయి. ఇప్పుడు పెడనలో, బందరులో కలంకారీ బతికే ఉంది కానీ ఆ పాత స్థాయి వేరు.

ఇక్కడ కథలో ఒక మలుపు. ఆ పెర్కిన్ గారి కొడుకు ఆర్థర్ జార్జ్ పెర్కిన్. తండ్రి కృత్రిమ రంగుతో ప్రపంచాన్ని మార్చేస్తే, కొడుకు లీడ్స్‌లో కూర్చుని మొక్కల రంగుల మీద జీవితాంతం పని చేశాడు. 1893లో హమ్మెల్ అనే ఆయనతో కలిసి ఆయన పరిశోధించినది ఏంటో తెలుసా? మన చిరివేరు. అందులో ఉన్నది అలిజరిన్ అని, దానితో పాటు దాని చుట్టాల్లాంటి పదార్థాలు ఇంకొన్ని ఉన్నాయని తేల్చారు. 1899లో పత్తి పువ్వు రంగు తీశాడు. 1909లో గోంగూర జాతి పువ్వు రంగు తీశాడు. మన చేలో పూసి రాలిపోయే పువ్వుల మీద లీడ్స్‌లో పేపర్లు వచ్చాయన్నమాట.

ఈ పసుపు పదార్థాల కుటుంబానికే ఫ్లేవనాయిడ్లు అని పేరు. లాటిన్‌లో ఫ్లేవస్ అంటే పసుపు. అంటే పేరులోనే అద్దకం ఉంది.

ఇప్పుడు సీన్ విశాఖపట్నం. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టింది, మొదటి వైస్ చాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి గారు. 1930లో బెజవాడ నుంచి వాల్తేరు మారింది. అక్కడికి 1933లో ఒక 33 ఏళ్ళ కెమిస్ట్ వచ్చాడు. పేరు టి.ఆర్. శేషాద్రి, తిరువెంగడం రాజేంద్రం శేషాద్రి. పుట్టింది కావేరి ఒడ్డున కుళిత్తలైలో, 1900 ఫిబ్రవరి 3న. మాంచెస్టర్‌లో రాబర్ట్ రాబిన్సన్ దగ్గర డాక్టరేట్ చేశాడు. పువ్వుల రంగుల కెమిస్ట్రీలో రాబిన్సన్ దిగ్గజం, తర్వాత 1947లో నోబెల్ వచ్చింది. ఎడిన్‌బరోలో జార్జ్ బార్జర్ దగ్గర కూడా శేషాద్రి పని చేశాడు. బార్జర్ ఎవరంటే, రక్తనాళాల్ని బిగించే పదార్థాల మీద డేల్‌తో కలిసి పరిశోధన చేసిన కెమిస్ట్.

అలాంటి చదువు చదివి వచ్చిన మనిషికి వాల్తేరులో ఏముంది? కొత్త యూనివర్సిటీ, కొద్ది పరికరాలు, తక్కువ డబ్బు. కానీ చుట్టూ మొక్కలున్నాయి. పత్తి చేలు, గోగు చేలు. గోగు అంటే మనవాళ్ళు నార తీసుకునే మొక్క, లేత ఆకు పప్పులోకి, పచ్చడిలోకి. ఆ లేత పసుపు పువ్వు, మధ్యలో ముదురు ఎరుపు, డెల్టాలో పుట్టిన ప్రతి వాళ్ళూ చూసే ఉంటారు. శేషాద్రి, నీలకంఠం, ఇంకా ఆయన విద్యార్థులు ఆ పువ్వులు ఎండబెట్టి, ఆల్కహాల్‌లో మరిగించి, అందులో ఉన్న రంగు పదార్థాల్ని ఒక్కొక్కటిగా విడదీశారు. పత్తి పువ్వుల్లో ఏమున్నాయి, ఏ రకం పత్తిలో ఏది ఎక్కువ, మందార జాతి పువ్వుల్లో ఏమున్నాయి అని వరుసగా పేపర్లు రాశారు. అవి బెంగళూరులో సి.వి. రామన్ పెట్టిన ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ పత్రికలో వచ్చేవి.

ఇప్పుడంటే మెషీన్‌లో పెడితే అణువు బొమ్మ వచ్చేస్తుంది. అప్పుడు అదేం లేదు. పదార్థాన్ని స్ఫటికంగా మార్చాలి, కరిగే ఉష్ణోగ్రత చూడాలి, ముక్కలు చెయ్యాలి, ముక్కలు ఏంటో కనిపెట్టాలి, మళ్ళీ అదే పదార్థాన్ని ల్యాబ్‌లో సొంతంగా తయారు చేసి రెండూ ఒకటేనని రుజువు చెయ్యాలి. అణువులో సరైన చోట కొత్త ఆక్సిజన్ కొక్కెం తగిలించే పద్ధతుల మీద శేషాద్రి బృందం చేసిన పనికి ప్రపంచంలో పేరొచ్చింది.

మధ్యలో యుద్ధం. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేశాయి. యూనివర్సిటీని కొంతకాలం గుంటూరుకి తరలించారు. ఆ గడబిడలో కూడా పువ్వుల పని ఆగలేదు. 1949లో శేషాద్రి ఢిల్లీ యూనివర్సిటీకి వెళ్ళాడు. 1960లో రాయల్ సొసైటీ ఫెలో, 1963లో పద్మభూషణ్. 1975లో కన్నుమూశాడు. వాల్తేరులో ఆయన నాటిన మొక్కల కెమిస్ట్రీ మాత్రం ఆయన శిష్యుల చేతుల్లో కొనసాగింది.

సరే, రంగు పదార్థాలు విడదీశారు. గుండెకీ వీటికీ లింకేంటి? దానికోసం హంగేరీ వెళ్ళాలి.

ఆల్బర్ట్ సెంట్-గ్యోర్గీ. విటమిన్ సి పని మీద 1937లో నోబెల్ తీసుకున్న ఆయన. ఈయనకీ గుండెకీ పాత పరిచయమే. 1929లో కేంబ్రిడ్జ్‌లో డ్రూరీతో కలిసి గుండె కండరం నుంచి అడినోసిన్ జాతి పదార్థం తీసి, అది గుండె వేగాన్ని తగ్గిస్తుందని, గుండె రక్తనాళాల్ని వెడల్పు చేస్తుందని చూపించాడు. అదే 1929లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు కండరంలో ఏటీపీని గుర్తించారు. ఏటీపీలో ఉన్నదీ అడినోసినే. గుండె అతి వేగంగా కొట్టుకుంటే ఎమర్జెన్సీలో ఇచ్చే ఇంజెక్షన్లలో ఇప్పుడు అడినోసిన్ ఒకటి.

మళ్ళీ మన రంగు దగ్గరకొద్దాం. సన్నటి రక్తనాళాలు బలహీనపడి చర్మం కింద రక్తం కారే జబ్బులున్నాయి. అలాంటి వాళ్ళకి శుద్ధి చెయ్యని నిమ్మ సారం, మిరప సారం ఇస్తే పని చేసింది. శుద్ధమైన విటమిన్ సి ఇస్తే పని చెయ్యలేదు. అంటే ఆ మురికి సారంలో ఇంకేదో ఉంది. అది ఫ్లేవనాయిడ్ అని 1936లో రుస్న్యాక్, సెంట్-గ్యోర్గీ నేచర్ పత్రికలో రాశారు. దానికి విటమిన్ పి అని పేరు పెట్టారు. నాళాల గోడ నుంచి కారిపోవడాన్ని ఆపేది అనే అర్థంలో.

చూడండి, 1936. ఆ సంవత్సరాల్లోనే వాల్తేరులో పత్తి పువ్వుల పని నడుస్తోంది. నిన్నటి దాకా "ఈ పసుపు దేనికి, బట్టకేగా" అన్న పదార్థం ఒక్కసారిగా "రక్తనాళాల మందు" అయిపోయింది.

1944లో అమెరికాలో గ్రిఫిత్, కౌచ్ వాళ్ళు రూటిన్ అనే ఫ్లేవనాయిడ్‌ని బీపీ ఉన్నవాళ్ళలో సన్న నాళాలు పగలకుండా వాడొచ్చని రాశారు. రూటిన్ అంటే క్వెర్సెటిన్‌కి చక్కెర తగిలించిన రూపం. అమెరికా వ్యవసాయ శాఖ ల్యాబ్‌లో కౌచ్ దాన్ని మొదట దేన్నుంచి తీశాడో చెప్తే ఆశ్చర్యపోతారు. పొగాకు ఆకు నుంచి! గుండెని పాడుచేసే ఆకులోనే నాళాల మందు అని వెతికారన్నమాట. తర్వాత బక్‌వీట్ అనే పంట నుంచి తీశారు. మాత్రలు బజార్లో తెగ అమ్ముడుపోయాయి.

ఇంక అయిపోయిందా? వాట్సాప్ మెసేజ్ నిజమేనా? ఆగండి. చాలామంది ఇక్కడే వీడియో ఆపేస్తారు, ఫార్వర్డ్ కొట్టేస్తారు.

తర్వాత ఏం జరిగిందంటే, మిగతా శాస్త్రవేత్తలు ఆ ప్రయోగాల్ని మళ్ళీ చేశారు. సెంట్-గ్యోర్గీ చెప్పినట్టు అన్నిసార్లూ రాలేదు. ఇది లేకపోతే మనిషికి జబ్బు చేస్తుందన్న రుజువు దొరకలేదు. విటమిన్ అనాలంటే అది ఉండాలి. 1950లో విటమిన్ పి అనే పేరునే తీసేశారు. 1960ల చివర్లో అమెరికాలో పాత మందులన్నీ తిరిగి పరీక్షించినప్పుడు, రూటిన్ లాంటి మాత్రలు పని చేస్తాయనడానికి సరైన ఆధారం లేదని తేల్చారు. అంత హడావుడి చల్లారిపోయింది.

ఇక్కడ మోసం ఏమీ లేదు. సెంట్-గ్యోర్గీ చిన్న మనిషి కాదు. కొద్దిమంది మీద కనబడింది అందరికీ వర్తిస్తుందో లేదో చూడాలి కదా, చూశారు. ఆ చూడటం పేరే సైన్స్.

కానీ కథ మళ్ళీ లేచింది. ఈసారి రక్తనాళం వైపు నుంచి.

1980లో న్యూయార్క్‌లో రాబర్ట్ ఫర్చ్‌గాట్ అనే ఫార్మకాలజిస్ట్ ఒక పాత చిక్కుముడి విప్పాడు. ఫార్మసీ చదివేవాళ్ళకి ఆర్గన్ బాత్ తెలుసు. కుందేలు లేదా ఎలుక పెద్ద ధమని నుంచి చిన్న ఉంగరం లాంటి ముక్క కోసి, 37 డిగ్రీల ఉప్పు నీళ్ళలో రెండు కొక్కేలకి వేలాడదీస్తారు. ఆక్సిజన్ బుడగలు వదులుతారు. ముక్క బిగుసుకుంటే గ్రాఫ్ పైకి, వదులైతే కిందకి. ఎసిటైల్‌కోలిన్ వేస్తే కొన్నిసార్లు నాళం వదులవుతోంది, కొన్నిసార్లు అవ్వట్లేదు. ఎందుకు? ముక్క కోసేటప్పుడు లోపలి పొర రుద్దుకుపోతే వదులవ్వట్లేదు, ఆ పొర బాగుంటే వదులవుతోంది. ఒకే ఒక్క కణం మందం ఉన్న ఆ పొర పేరు ఎండోథీలియం. అది ఏదో సంకేతం పంపితేనే నాళం వెడల్పవుతుంది. ఆ సంకేతం నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు అని తర్వాత తేలింది. 1998లో ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకి నోబెల్ వచ్చింది.

అప్పటి నుంచి ప్రపంచమంతా ఫార్మకాలజీ ల్యాబుల్లో ఒకటే ప్రశ్న: ఏ మొక్క పదార్థం వేస్తే ఈ ఉంగరం వదులవుతుంది? క్వెర్సెటిన్ వేశారు, వదులైంది. ఎందుకు అంటే చాలా కారణాలు వచ్చాయి. నైట్రిక్ ఆక్సైడ్‌ని పాడుచేసే చురుకైన ఆక్సిజన్ రూపాల్ని ఇది తినేస్తుంది, కండరంలోకి కాల్షియం రాకని తగ్గిస్తుంది అని. ఇక్కడ మన కొక్కేలు మళ్ళీ వచ్చాయి చూడండి. బందరులో పటికని పట్టుకున్న ఆ పక్కపక్క ఆక్సిజన్ కొక్కేల లాంటివే ఇక్కడ లోహాల్ని పట్టేవి, ఆ చురుకైన రూపాల్ని చల్లార్చేవి. బట్ట మీద రంగు నిలబెట్టిన గుణం, నాళం దగ్గర ఇంకో పని చేస్తోంది.

1993లో నెదర్లాండ్స్‌లోని జుట్‌ఫెన్ అనే ఊరి పరిశోధన ఒకటి లాన్సెట్‌లో వచ్చింది. 65 నుంచి 84 ఏళ్ళ మగవాళ్ళు 805 మంది, ఐదేళ్ళు. టీ, ఉల్లిపాయ, ఆపిల్ నుంచి ఫ్లేవనాయిడ్లు ఎక్కువ తిన్నవాళ్ళలో గుండెజబ్బు చావులు సగం కన్నా తక్కువ. మళ్ళీ ఆశ. కానీ టీ, ఉల్లి, పళ్ళు ఎక్కువ తినేవాళ్ళు మిగతా అలవాట్లలోనూ వేరుగా ఉండొచ్చు కదా. ఇలాంటి పరిశోధన దారి చూపిస్తుంది, తీర్పు చెప్పదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. మనం మింగిన క్వెర్సెటిన్ అలాగే రక్తంలోకి రాదు. పేగు, కాలేయం దాన్ని మార్చేస్తాయి. ఆర్గన్ బాత్‌లో వేసిన మోతాదు చాలాసార్లు మన రక్తంలో ఎప్పుడూ రానంత ఎక్కువ. ల్యాబ్‌లో ఉంగరం వదులైంది అంటే మీ బీపీ తగ్గిందని కాదు. మధ్యలో చాలా మెట్లు ఉన్నాయి.

ఇప్పుడు నేరుగా మన గోంగూర. 2010లో అమెరికాలో టఫ్ట్స్ యూనివర్సిటీ వాళ్ళు ఒక ట్రయల్ చేశారు. 65 మంది, కాస్త బీపీ ఉన్నవాళ్ళు. సగం మందికి ఎర్ర గోంగూర టీ, సగం మందికి అదే రంగు, రుచి ఉన్న ఉత్తుత్తి పానీయం. రోజుకి మూడు కప్పులు, ఆరు వారాలు. టీ తాగినవాళ్ళ పై బీపీ సగటున 7.2 తగ్గింది, ఉత్తుత్తిది తాగినవాళ్ళకి 1.3 తగ్గింది. అంటే నిజంగా తేడా ఉంది. మెసేజ్ రాసినవాడు ఏదో గాల్లోంచి రాయలేదు.

కానీ మూడు విషయాలు మెసేజ్‌లో ఎగిరిపోయాయి.

మొదటిది, ఆ 65 మందిలో బీపీ మందులు వాడేవాళ్ళు లేరు. మందు ఆపేసి టీ తాగితే ఏమవుతుందో ఆ ట్రయల్ చూడనే లేదు. మావయ్య చేసింది ఆ పని.

రెండోది, అది పువ్వు రాలాక కాయ చుట్టూ మిగిలే ఎర్రటి రక్షక పత్రాల టీ. ఆకు కాదు, పచ్చడి అసలే కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకి ఉప్పు 5 గ్రాముల లోపు అంటుంది. మన గోంగూర నిల్వ పచ్చడి ఒక ముద్దలో ఎంత ఉప్పు ఉంటుందో మీ నాలుకే చెప్తుంది. గోంగూర బీపీ తగ్గిస్తుందని నాలుగు ముద్దలు ఎక్కువ లాగించేవాళ్ళకి ఈ మాట.

మూడోది, ఏడు పాయింట్లు. బీపీ 140 ఉన్నవాడికి అది సంతోషమే. 170 ఉన్నవాడికి ఏడు తగ్గితే ఇంకా 163.

"మొక్కే కదా, పని చెయ్యకపోయినా పోయేదేముంది" అంటారు కొందరు. దానికి జవాబు సర్పగంధ. 1931లో సలీముజ్జమాన్ సిద్దిఖీ ఢిల్లీలో దాన్నుంచి పదార్థాలు విడదీశారు. 1949లో బొంబాయి డాక్టర్ రుస్తుం జాల్ వకీల్ బీపీకి అది పని చేస్తుందని బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో రాశారు. 1952లో అందులోంచి రిసెర్పిన్ తీశారు. నిజంగా పని చేసిన మందు. ప్రపంచమంతా వాడింది. కానీ మోతాదు పెరిగితే మనిషిని దిగులులోకి నెట్టేస్తుందని కూడా తెలిసింది. పని చేసే మొక్కకి పక్క ప్రభావాలూ ఉంటాయి. అందుకే మోతాదు కావాలి, లెక్క కావాలి, చూసే డాక్టర్ కావాలి.

మొత్తం కథ వెనక్కి తిరిగి చూస్తే నాకు ఒకటి అనిపిస్తుంది. బందరు అద్దకం పనివాడు "చిరివేరు మంచిది" అని ఊరుకోలేదు. ఎంత వేరు, ఎంత పటిక, ఎన్ని ఉడుకులు, ఎన్నిసార్లు ఎండ అని లెక్క పెట్టుకున్నాడు. లెక్క తప్పితే రంగు పోతుంది, పరువు పోతుంది, అన్నం పోతుంది. వాల్తేరులో శేషాద్రి గారు "పువ్వు మంచిది" అనలేదు. అందులో ఏముంది, ఎంతుంది అని ఏళ్ళ తరబడి విడదీశారు. మన దగ్గర ఉన్న గొప్ప సంప్రదాయం ఇది, లెక్క చూసే సంప్రదాయం. వాట్సాప్ మెసేజ్ ఆ మొక్క పేరు తీసుకుంది, లెక్క మాత్రం వదిలేసింది.

ఇంకోటి. పెర్కిన్ పేరు మిగిలింది, శేషాద్రి పేరు మిగిలింది. నిజాంపట్నం ఇసుకలో చిరివేరు తవ్విన వాళ్ళ పేరు ఒక్కటి కూడా మిగల్లేదు. మీలో ఎవరి తాతలైనా, ముత్తాతలైనా పెడన, బందరు వైపు అద్దకం పని చేసుంటే, ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి ఫోన్‌లో రికార్డ్ చెయ్యండి. ఏ కాయ, ఏ నీళ్ళు, ఏ నెల, ఏ చెరువు. వాళ్ళు పోతే ఆ లెక్కలు మళ్ళీ దొరకవు.

మావయ్య సంగతి చెప్పలేదు కదూ. నేను ఫోన్ చేసి "మావయ్యా, ముందు మాత్ర వేసుకో, తర్వాత డాక్టర్ దగ్గరికి వెళ్ళు, కథ ఆ తర్వాత చెప్తాను" అన్నాను. మర్నాడు చూపించుకుంటే పై బీపీ 170 దాటింది. డాక్టర్ గారు తిట్టలేదు, మాత్ర మళ్ళీ మొదలుపెట్టించారు, నెల తర్వాత రమ్మన్నారు. మావయ్య ఇప్పుడు రోజూ మాత్ర వేసుకుంటున్నాడు. డాక్టర్‌ని అడిగి సాయంత్రం ఒక కప్పు ఎర్ర గోంగూర టీ కూడా తాగుతున్నాడు, చక్కెర లేకుండా. పుల్లగా ఉంటుందట. "మందుకి కాదురా, రుచికి" అంటాడు.

ఆ ఫార్వర్డ్ మీ ఫ్యామిలీ గ్రూప్‌లోకి కూడా వచ్చి ఉండొచ్చు. ఈసారి వస్తే డిలీట్ చేసి ఊరుకోకండి. పంపిన పెద్దవాళ్ళకి ఫోన్ చేసి ఒక్క ప్రశ్న అడగండి: "మాత్ర వేసుకున్నారా?" అంతే. మళ్ళీ కలుద్దాం, ఉంటాను.